లేని కాలు దురద పెడుతోంది, నాకేమో నవ్వొస్తోంది. ఈసారి గిరి ప్రదక్షిణకి వెళ్ళొచ్చా?

గోపాలపట్నం_రావు | రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. ఈ వేదికలో కరెంటు బిల్లుల గొడవలూ బస్సు రూట్లూ చదివి వెళ్ళిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మాది గోపాలపట్నం. పోర్టులో క్రేన్ మీద పనిచేశాను. షుగరుంది. కిందటేడు దసరాల ముందు చెప్పు కరిచి చిన్న పుండు పడింది. పాదం తిమ్మిరెక్కి ఉండటంతో నొప్పి తెలియలేదు, తెలిసేసరికి నల్లబడిపోయింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు పెట్టుడు కాలుతో నడుస్తున్నాను. ఇంట్లో కర్ర అక్కర్లేదు, వీధిలోకి వెళ్తే కావాలి.

రెండు సంగతులు అడగాలి. ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతోంది. పెళ్ళి కాకముందు నుంచీ నేను సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ, అదే కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్ల నడక, మానిన ఏడు లేదు. ఈసారీ వెళ్ళాలని ఉంది. ఇంట్లో పెద్ద రగడ. మా బావమరిదైతే ‘ఆయన చుట్టూ తిరిగిన కాలే ఆయన పట్టుకుపోయాడు, ఇంకా ఏం మొహం పెట్టుకుని తిరుగుతావు బావా’ అన్నాడు.

రెండోది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. ఈమధ్య నాకు సంతోషంగా ఉంటోంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ గోడకేసి తిరిగి పడుకున్నాను. ఎవరొచ్చినా కళ్ళు మూసుకునేవాణ్ణి, దేవుడి పటం తెస్తే తీసేయమన్నాను. అలాంటివాణ్ణి, ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి నా టీ నేనే పెట్టుకుంటుంటే ఎందుకో నవ్వొచ్చింది. అప్పట్నుంచీ అలాగే ఉంది. రాత్రి కాలు విప్పి మంచం పక్కన నిలబెడితే మా మనవడు తన బొమ్మ కారు తెచ్చి అందులో పార్కింగ్ చేస్తాడు. పొద్దున్న నేను తొడుక్కోబోతే లోపల కారు. లేని కాలికి బొటనవేలు దురద పెడుతుంది, గోకుదామంటే అక్కడ దుప్పటి తప్ప ఏమీ ఉండదు. దానికీ నవ్వే. మా ఆవిడ ‘మీకు మతి గానీ చలించిందా’ అని ఒకటే టెన్షన్ పడుతోంది. కాలు పోయినవాడు ఏడవాలి గదా, నాకిదేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం_కిట్టు | రాత్రి 9:20

బాబాయ్, మీ మనవడికి పార్కింగ్ చలానా రాయాలి. మేం ఏటా హనుమంతవాక దగ్గర పులిహోర పంచుతాం. మీరు వస్తే మీ ప్యాకెట్ పక్కన పెట్టేస్తా.

శ్రీహరిపురం_సుబ్బలక్ష్మి | రాత్రి 9:41

రావుగారూ, ప్రారబ్ధం ఎంతటివాడికైనా అనుభవించక తప్పదు. ఏ జన్మలో చేసుకున్నదో అది కాలితో తీరిపోయింది. బరువు దిగింది కాబట్టే మనసు తేలికైంది. స్వామి మీకు మేలే చేశాడు. నిక్షేపంగా దణ్ణం పెట్టుకోండి.

సీతమ్మధార_నాస్తికుడు | రాత్రి 9:58

నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కాలి నరాలు మొద్దుబారతాయి, రక్తనాళాలు పూడుకుపోతాయి. దెబ్బ తగిలితే తెలియదు, తగిలిన దెబ్బ మానదు. రావుగారికి జరిగింది ఇది. ఇందులో పోయిన జన్మ ఎక్కడుంది మేడమ్? కాలు పోయినవాడికి ‘నువ్వే ఏదో చేసుంటావు’ అని చెప్పడం ఓదార్పు ఎలా అవుతుంది? అది నేరారోపణ.

రావుగారూ, సంతోషానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నా భార్య పోయాక నేను దేవుడి దగ్గరికి వెళ్ళలేదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే టైములో నడవడం మొదలుపెట్టాను. అక్కడే పాత క్లాస్‌మేట్ కనిపిస్తే క్యారమ్స్ మొదలైంది. ఆవిడ ఉన్నప్పుడు నవ్వినట్టు నవ్వుతున్నానని చెప్పను. కానీ నవ్వుతున్నాను. దీనికి కొండెక్కనవసరం లేదు. ముప్ఫై రెండు కిలోమీటర్లా? తమాషాగా ఉందా?

రిటైర్డ్_సిస్టర్ | రాత్రి 10:35

రావుగారూ, నేను సర్జికల్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కాళ్ళూ వేళ్ళూ తీసేసినవాళ్ళను ఎందరినో చూశాను. మొదటిసారి కట్టు విప్పే రోజు నాకు బాగా తెలుసు. పేషెంటు ఫ్యానుకేసి చూస్తుంటాడు. భార్య దుప్పటి అంచు సవరిస్తుంటుంది, సవరించడానికి అక్కడేమీ లేకపోయినా. నేను డెట్టాలు, దూది, ట్రే అన్నీ నిదానంగా సర్దేదాన్ని, వాళ్ళు చూడటానికి సిద్ధమయ్యేదాకా. చూసిన తర్వాత చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న: ‘నేనేం పాపం చేశాను సిస్టర్?’

మేం క్రైస్తవులం. సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు ఇదే అడుగుతారు, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని. వీడూ కాదు, వాళ్ళూ కాదు అంటాడు ప్రభువు. నేను వార్డులో మతం మాట్లాడేదాన్ని కాదు, కానీ ఆ ‘కాదు’ అనే జవాబు మాత్రం ఏ మతం వాళ్ళు అడిగినా చెప్పేదాన్ని. నా కొడుకు హైవే మీద పోయినప్పుడు నాకు నేను చెప్పుకోవడానికి చాలాకాలం పట్టింది, అది వేరే సంగతి.

మీ ఆవిడ కంగారు గురించి. కాలు పోయాక దిగులు పట్టుకోవడం చాలా మామూలు. తర్వాత తేలికపడటమూ మామూలే. మీరు సరిగ్గా నిద్రపోతూ, తింటూ, మందులు వేసుకుంటూ ఉంటే మతి చలించలేదు, నిశ్చింతగా ఉండమనండి. మళ్ళీ గోడకేసి తిరిగే రోజులు వస్తే మాత్రం ఊరికే ప్రార్థనతో సరిపెట్టుకోకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు. ఆ గోడను నేనూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

పాదముద్ర | మర్నాడు ఉదయం 7:05

పెట్టుడు కాళ్ళు తయారుచేయడమే నా వృత్తి. దేవుడి సంగతి మీరంతా తేల్చుకోండి, నేను కాలి సంగతి చెబుతా.

ముందు దురద. పోయిన కాలు మెదడులో ఇంకా ఉంది. ఆ కాలికి కేటాయించిన చోటు అక్కడ ఖాళీ అవ్వలేదు, అందుకే దురద, ఒక్కోసారి నొప్పి. డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ కనిపెట్టిన అద్దం పద్ధతి ఒకటుంది. రెండు కాళ్ళ మధ్యలో నిలువుటద్దం పెట్టి, ఉన్న కాలిని అద్దంలో చూస్తూ కదపాలి. పోయిన కాలే కదిలినట్టు కనిపిస్తుంది. నొప్పి ఉన్నవాళ్ళలో కొందరికి దీనితో తగ్గుతుంది. దురదకైతే నా పేషెంట్లు కొందరు అద్దంలో చూసుకుంటూ ఉన్న కాలి బొటనవేలు గోక్కుంటారు. నవ్వకండి, పనిచేసిందనే చెప్పారు.

ఇక నడక. కాలు తీసి ఏడాది కూడా కాలేదు, స్టంప్, అంటే మిగిలిన కాలి మొద్దు, ఇంకా సన్నబడుతూనే ఉంటుంది. పైగా రోజులోనే మార్పుంటుంది, పొద్దున్న బిగుతుగా ఉన్న సాకెట్, అంటే ఆ మొద్దు దూరే తొడుగు, సాయంత్రానికి వదులవుతుంది. అప్పుడు మొద్దు మీద ఒక సాక్సు అదనంగా వేయాలి. వేయకపోతే ఎముక అంచు సాకెట్‌లో దిగబడి తోలు ఊడుతుంది. మోకాలి కింద కాలు లేనివాళ్ళకి మామూలు నడకే నాలుగో వంతుకు పైగా ఎక్కువ శ్రమ. ముప్ఫై రెండు కిలోమీటర్లు ఈ ఏడు వద్దు. ఖచ్చితంగా వద్దు.

అసలు భయం నాకు మీ కుడి కాలు. అందరూ పెట్టుడు కాలి గురించే అడుగుతారు. షుగర్‌తో ఒక కాలు పోయిందంటే రెండోదాని నరాలూ బాగుండవు. ప్రదక్షిణలో అందరూ ఒట్టి కాళ్ళతో నడుస్తారు. గాజుపెంకు గుచ్చుకున్నా మీకు తెలియదు. ఇంకో చిక్కు, మీ పెట్టుడు పాదం ఏ రకం? బూటు వేసుకోవడానికి చేసిన పాదమైతే మడమ ఎత్తుకు తగ్గట్టు కోణం సెట్ చేసి ఉంటుంది, బూటు తీసేస్తే వెనక్కి తోసేసినట్టవుతుంది, మోకాలు దెబ్బతింటుంది. జైపూర్ పాదమైతే ఆ బాధ లేదు. 1968లో దాన్ని తయారుచేసినప్పుడే మనవాళ్ళ అలవాట్లు దృష్టిలో పెట్టుకున్నారు, ఒట్టి కాలితో నడవాలి, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పొలంలో దిగాలి అని. ఏ రకమో చెప్పండి.

గోపాలపట్నం_రావు | ఉదయం 8:30

బూటు రకమే బాబూ. కానీ చెప్పులతో దేవుడి చుట్టూ తిరగడమా? అది నా వల్ల కాదు. చిన్నప్పట్నుంచీ కాలికి మట్టి అంటకుండా అప్పన్న దగ్గరికి వెళ్ళింది లేదు.

సుబ్బలక్ష్మిగారూ, మీ మాటకి నేను నొచ్చుకోలేదు. సీతమ్మధార మాస్టారూ, మీరూ కోప్పడకండి.

మద్దిలపాలెం_టీచరమ్మ | ఉదయం 11:15

రావుగారూ, నేను టైపు చేయను, ఫోనుకి చెబుతాను, అది రాస్తుంది. తర్వాత అదే నాకు చదివి వినిపిస్తుంది. తప్పులుంటే దాని తప్పులు.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇది ఒకేసారి పోయే చూపు కాదు. కాలేజీ రోజుల్లో రాత్రిళ్ళు మెట్లు కనిపించేవి కాదు. తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది, గొట్టంలోంచి చూసినట్టు. ఆఖరికి ఆ కాస్తా పోయింది. దీంతో కష్టమేమిటంటే ఏడవడానికి ఒక రోజంటూ ఉండదు. మీకు ఆపరేషన్ తేదీ ఉంది. నాకు ఏ తేదీ లేదు. ఇవాళ ఇంకొంచెం, రేపు ఇంకొంచెం. ఏళ్ళ తరబడి నేను నటించాను. పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్నట్టు నటించడం కూడా చేశాను, పక్క టీచరు సాయంతో.

బ్రెయిలీ నడివయసులో నేర్చుకున్నాను. చిన్నపిల్లల వేళ్ళకు వచ్చినంత తేలిగ్గా మనకు రాదు. లూయీ బ్రెయిలీ మూడేళ్ళప్పుడు తండ్రి గుర్రపు జీనుల పనిచోట ఆడుకుంటూ తోలు కుట్టే ఆరె కంట్లో గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్ళకే, 1824లో, ఆ చుక్కల లిపి తయారుచేశాడు. ఆయన పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవాడని చాలామందికి తెలియదు. నన్ను పట్టుకున్నది లిపి కన్నా ఈ సంగతి. ఒక మనిషి అంధుల కోసం ఏదో కనిపెట్టాడని గొప్పగా చెబుతాం, కానీ ఆయనకి ఆదివారం పొద్దున్న వాయించుకోవడానికి ఒక వాద్యం ఉండేది. సాధించడం వేరు, సంతోషం వేరు. మావాళ్ళంతా నన్ను సాధించమనే అన్నారు. ‘నీకు మనోనేత్రం ఉందమ్మా’ అంటారు చూడండి, అలాంటప్పుడు నా చేతికర్ర ఎక్కడ తగిలిస్తే బాగుంటుందా అని ఆలోచిస్తాను.

సింహాచలం వెళ్ళడం మానేశాను కొన్నాళ్ళు. చూడలేనిదానికి దర్శనమేంటి అని. మా అత్తగారు ఒకసారి పట్టుబట్టి తీసుకెళ్ళింది. క్యూలో నిలబడి ఉంటే నాకే తట్టింది. ఏడాదంతా స్వామి చందనంలోనే ఉంటాడు కదా. నిజరూపం అక్షయ తృతీయనాడు ఒక్కరోజే. మిగతా రోజుల్లో కళ్ళున్నవాళ్ళు చూసొచ్చేది చందనపు ముద్దనే. మరి నాకూ వాళ్ళకీ తేడా ఎంత? అక్కడే పకపకా నవ్వేశాను. మా అత్తగారు ‘ఏంటే గుడిలో’ అని గిల్లింది. తర్వాత గుళ్ళోని కప్పస్తంభం కౌగిలించుకున్నాను. చల్లటి రాయి, ఎన్ని వేల చేతులు నిమిరితేనో అంత నున్నబడింది. కళ్ళు ఇమ్మని అడగలేదు, అడగాలని గుర్తుకే రాలేదు. దాన్ని విశ్వాసం అనాలో ఏమనాలో. అన్ని రోజులూ అలా ఉండదు లెండి. మొన్న ఆటో దిగి కాలవలో అడుగేశాను, ఆరోజు నోటికొచ్చిన ప్రతి మాటా పైవాణ్ణే అన్నాను.

చెప్పుల సంగతి. మీరు బురుజుపేట వెళ్తుంటారు కదా? ఖండితమైన విగ్రహాన్ని పూజించకూడదంటారు పెద్దలు. మరి కనకమహాలక్ష్మి అమ్మవారికి ఎడమ చెయ్యి లేదు. పైకప్పూ లేదు, ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. మార్గశిర గురువారాలు ఊరు ఊరంతా వెళ్ళి సొంత చేతులతో పసుపు రాసి పాలు పోసి వస్తుంది. చెయ్యి లేని అమ్మకి లేని అభ్యంతరం బూటున్న మీ కాలికి ఎవరు పెడతారు?

కంచరపాలెం_కిట్టు | ఉదయం 11:22

టీచరమ్మగారూ 🙏 ‘చేతికర్ర ఎక్కడ తగిలిస్తే’ దగ్గర ఆఫీసులో గట్టిగా నవ్వాను, మా మేనేజర్ చూస్తున్నాడు.

జాలరిపేట_కుర్రాడు | మధ్యాహ్నం 2:48

నాకు ఇక్కడ రాయాలా వద్దా అనిపించింది. మాకు పోయింది కాలు కాదు, మా అన్న. వేట నిషేధం జూన్ 14తో అయిపోయాక తొలి వేటకి వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. బోటు చెక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు. శవం లేకపోతే దినం చెయ్యాలా వద్దా, వదిన బొట్టు తియ్యాలా వద్దా, పేటంతా పంచాయితీ. కాగితాల్లో చనిపోయినట్టు ఒప్పుకోవాలంటే ఏడేళ్ళు కనబడకుండా ఉండాలన్నారు. వదిన బొట్టు తియ్యలేదు. మా అమ్మే తియ్యనివ్వలేదు.

మా అమ్మకి భక్తి అంటే మీరు రాసినట్టు ఉండదు. మంగళవారం మంగళవారం పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబ గుడికి పోయి అమ్మవారిని తిడుతుంది. ‘నీకేటి తక్కువ సేసినానే, నా గుంటడ్ని ఏటి సేసినావు’ అని పెద్ద గొంతుతో. పూజారి కూడా ఏమనడు. తిట్టి తిట్టి, కుంకం పెట్టుకుని వచ్చేస్తుంది. ‘ఎందుకమ్మా పోవడం’ అంటే ‘తిట్టడానికైనా ఎదర ఒకర్తుండాలి కదరా’ అంటుంది.

అమ్మ చాన్నాళ్ళు చేపల బుట్ట ముట్టుకోలేదు. సముద్రంలోంచి వచ్చింది అమ్మనన్నాది. మళ్ళీ మొదలెట్టిన రోజు వంజరం బేరం దగ్గర ఒక పెద్దావిడతో అరగంట గొడవ పడి, ఆవిడ కార్ ఎక్కబోయి వెనక్కొచ్చి అమ్మ చెప్పిన రేటే ఇచ్చింది. ఇంటికొచ్చి ఆ కథ వదినకి యాక్షన్ చేసి చూపించి నవ్వింది. వదిన నవ్వింది. నేను బయటికెళ్ళిపోయాను. రావుగారూ, మీకు ఎందుకు నవ్వొస్తోందో నాకు తెలీదు, కానీ ఇంట్లోవాళ్ళకి ఆ నవ్వు కావాలండి.

శ్రీహరిపురం_సుబ్బలక్ష్మి | సాయంత్రం 5:30

పొద్దుట నుంచీ అందరిదీ చదువుతున్నాను. నాస్తికుడుగారూ, నేరారోపణ అన్నారు. మా రెండో పిల్ల ఏడో క్లాసులో జ్వరం వచ్చి పోయింది. రెండు రోజుల జ్వరం. ఏ కారణమూ లేకుండా ఊరికే పోయిందంటే నేను బతికేదాన్ని కాదు. ప్రారబ్ధం అన్నమాట పట్టుకునే ఇన్నేళ్ళూ లేచి వంట చేశాను. నాకు అదే చేతికర్ర. రావుగారిని తప్పుపట్టాలని కాదు.

సీతమ్మధార_నాస్తికుడు | సాయంత్రం 6:10

మేడమ్, మీ పాప సంగతి తెలియక కటువుగా మాట్లాడాను. మీకు మీరు చెప్పుకునే మాటని తీసేసుకోమనే హక్కు నాకు లేదు. కానీ నా అభిప్రాయం మారలేదు. మన బాధకి మనం వెతుక్కున్న కారణం మన దగ్గరే ఉంచుకోవాలి, పక్కవాడి మంచం దగ్గరికి తీసుకెళ్ళకూడదు. నా భార్య పోయినప్పుడు ‘సుమంగళిగా వెళ్ళింది, అదృష్టవంతురాలు’ అని ఎంతమంది అన్నారో. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఆవిడని మళ్ళీ పోగొట్టుకున్నాను.

సిస్టర్ చెప్పిన ‘కాదు’ నాకు నచ్చింది. ఆవిడ దేవుణ్ణి నమ్ముతుంది, నేను నమ్మను, ఆ జవాబు దగ్గర ఇద్దరం ఒకటే.

శ్రీహరిపురం_సుబ్బలక్ష్మి | సాయంత్రం 6:25

సరే బాబూ. రావుగారి మంచం దగ్గర ఆ మాట అనను. రావుగారూ, బూటుతోనే నడవండి. కొండ కింద తొలి పావంచా, అదే మొదటి మెట్టు, దగ్గర కూర్చుని విప్పేసి, దణ్ణం పెట్టి కొబ్బరికాయ కొట్టండి. ఉపవాసం మాత్రం వద్దు, మీకు ఇన్సులిన్ అయితే అసలు వద్దు.

రిటైర్డ్_సిస్టర్ | సాయంత్రం 6:31

నేను రాయబోయిందే ఆవిడ రాసేశారు. షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. జేబులో గ్లూకోజు ఉండాలి.

గోపాలపట్నం_రావు | రాత్రి 9:50

మీ అందరివీ మా ఆవిడకి చదివి వినిపించాను. జాలరిపేట బాబు రాసింది రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన ‘ముప్ఫై రెండు వద్దు, మన ఇంటి దగ్గర్నుంచి నడవండి, నేనూ వస్తా’ అంది. గోపాలపట్నం నుంచి కొండ కిందికి నాలుగైదు కిలోమీటర్లే కదా. జనం అటు తిరిగి ఇటు వచ్చేది మా మీంచే. చివరి ముక్క నడుస్తాం. పౌర్ణమి నాడు గుళ్ళో ఆలయ ప్రదక్షిణ చేసుకోవచ్చు, నడవలేనివాళ్ళు అలాగే చేస్తారు.

మా బావమరిదికి నేను చెప్పాలనుకున్న జవాబు కూడా దొరికింది. కాలు ఆయన తీసుకోలేదు, షుగర్ తీసుకుంది. ఆయన దగ్గరికి వెళ్ళడం నాకు బాగుంటుంది కాబట్టి వెళ్తున్నాను. పూర్వం కోరికల చిట్టా పట్టుకుని తిరిగేవాణ్ణి, పిల్ల పెళ్ళి, ప్రమోషను, ఇంటి స్థలం. ఈసారి ఏం అడగాలో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. ఊరికే వెళ్ళొచ్చేయడం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

పాదముద్ర బాబూ, ఎంతసేపటికోసారి ఆగాలి?

పాదముద్ర | రాత్రి 10:02

ప్రతి అరగంటకి. కాలు విప్పి చూడండి, ఎర్రబడిన చోట పది నిమిషాల్లో మామూలు రంగు రాకపోతే నడక అక్కడితో ఆపేయాలి, ఆటో ఎక్కాలి. చెమట తుడవడానికి పొడి గుడ్డ, రెండు సాక్సులు అదనంగా. కుడి కాలికి మెత్తటి బూటు, సాక్సులో వేలు పెట్టి లోపల ఏ రాయీ లేదని చూసుకుని వేసుకోండి. ముందువారం ఒకసారి నా దగ్గరికి రండి, సాకెట్ చూస్తా. ఎడం బూట్లో కారుందేమో అది కూడా చూసుకోండి.

సీతమ్మధార_నాస్తికుడు | రాత్రి 10:15

అరగంటకోసారి కూర్చోవాలంటే ఆ జనంలో కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో మడత కుర్చీ ఉంది. నేను మోసుకొస్తా. తొలి పావంచా దాకా వస్తాను, కొబ్బరికాయ దగ్గర మీరు చూసుకోండి.

మద్దిలపాలెం_టీచరమ్మ | రాత్రి 10:19

నేనూ వస్తాను, మా అత్తగారి చెయ్యి పట్టుకుని. ఆవిడకి ఎనభై దగ్గర పడుతోంది, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకి అర్థం కాదు. నాస్తికుడుగారూ, మీ కుర్చీలో ఆవిడకీ వాటా ఉంది.

కంచరపాలెం_కిట్టు | రాత్రి 10:21

హనుమంతవాకలో పులిహోర అయిపోగానే బండి మీద గోపాలపట్నం వచ్చేస్తా. సుబ్బలక్ష్మి ఆంటీ, రావు బాబాయ్‌కి షుగర్ కదా, పులిహోర పెట్టొచ్చా, మజ్జిగ చాలా?

శ్రీహరిపురం_సుబ్బలక్ష్మి | రాత్రి 10:40

మజ్జిగ నేను తెస్తాను, ఉప్పు తక్కువేసి. పులిహోర నాలుగు ముద్దలు పెట్టు, స్వామి ప్రసాదం వద్దనకూడదు. జాలరిపేట బాబూ, మీ అమ్మగారిని కూడా తీసుకురా.

జాలరిపేట_కుర్రాడు | రాత్రి 11:05

అడిగాను ఆంటీ. ‘అప్పన్నని కూడా తిట్టొచ్చా’ అంటోంది.